మోటార్లకు వేణ్నీళ్ల స్నానం

చిత్త కార్తె, విదియ, ఉదయం

ఈ ఊళ్లో తెల్లవారగానే నా పని, మోటార్లు ఉచ్చ పోస్తున్నాయో లేదో చూడటం. ఈ మాట ఇలా రాయొద్దనీ, 'చల్లబరిచే నీటి ధార' అని రాయమనీ సరంగు దానియేలు గారు నాకు చాలాసార్లు చెప్పారు. ఆయన ఊరికి పెద్ద, ఆయన మాట కాదనలేను. కానీ ఊళ్లో ఎవరూ ధార అనరు. మోటారు తన కాలి దగ్గరున్న జాలీలోంచి సముద్రపు నీళ్లు పైకి పీల్చుకుంటుంది. వాటిని ఒళ్లంతా తిప్పి చల్లబడుతుంది. పక్కనున్న చిన్న బెజ్జంలోంచి సన్నగా బయటికి వదిలేస్తుంది. చూడటానికి అది అచ్చం అలాగే ఉంటుంది, నేనేం చెయ్యను? వస్తోందంటే మోటారు క్షేమం. ఆగిందంటే కాసేపట్లో కూత పెడుతుంది, ఆ తరవాత కాలిపోతుంది.

మా ఊరు తేలంక. తేలే లంక అని. మెరకన ఉండేవాళ్లకు ఈ సంగతి తెలియదు. తేళ్ల లంక అనుకుంటారు. ఎగిరే తపాలాలో మాకు మందులు పంపినప్పుడల్లా తేలుకాటు మందే ఎక్కువ పంపుతారు. నేల మునిగిపోయి మేం నీళ్లమీదికి వచ్చిన దగ్గర్నుంచి ఊళ్లో ఎవరికీ తేలు కంటబడలేదు.

ఊరంటే తాళ్లతో వరసగా కట్టిన తెప్పలు. ఒక్కో తెప్ప ఒక్కో వాడ. ప్రతి తెప్పకూ అటొకటి ఇటొకటి మోటార్లు, నాచునూనెతో నడుస్తాయి. ముందున్న తలతెప్ప మీద సరంగు గారుంటారు. చిట్టచివర తోకతెప్ప మీద ఊరందరి వంట. నిప్పు రాజెయ్యడానికి ఊరు మొత్తంలో అక్కడొక్కచోటే అనుమతి. ఆ వంటకు మా మేనత్త మాచరమ్మ దొరసాని. నేనూ ఆవిడతోనే ఉంటాను.

ఇవాళ నాలుగైదు మోటార్ల ధార సన్నబడింది. ఒక జాలీ విప్పి చూశాను. లోపల గోరంత గుల్లలు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి, సంత బస్సులో జనంలా ఉన్నాయి.

చిత్త కార్తె, పంచమి

తాతబ్బాయి నీళ్లలోకి దిగి చూసి వచ్చాడు. అతను మా గజ ఈతగాడు. ఊరి అడుగు గీకడం అతని ఉద్యోగం. పైకి వచ్చి తెప్ప అంచు పట్టుకుని వేలాడుతూ మొహం తుడుచుకున్నాడు.

"నాచు గాదే లోవా. మామూలు గుల్లా గాదు. గోడగుల్ల. మొగ కాడి నించి కొట్టుకొచ్చింది."

గోడగుల్ల చరిత్ర మా ఊళ్లో అందరికీ తెలుసు. మేం పుట్టకముందు, ఒడ్డు కోసుకుపోతోందని, తమంతట తామే గోడ కట్టుకునే గుల్లలను మెరక మీది పెద్ద చదువులవాళ్లు ఎవరో పుట్టించి నది మొగ దగ్గర వదిలారట. గుల్లలు గోడ కట్టాయి. ఒడ్డు మాత్రం మునిగిపోయింది. పని అయిపోయిందని గుల్లలకు ఎవరూ చెప్పలేదు.

"ఊరి అడుగున అంతగా లేవే. జాలీల్లోనే ఎందుకున్నాయంటావ్?" అని అడిగాను.

"పారే నీళ్లంటే దానికి ఇష్టం. మోటారు నీళ్లు పీలుత్తంటే, కూసున్న సోటికే తిండొత్తాది గదా. నేనైనా అక్కడే కూసుంటాను."

మంచినీళ్లు పట్టి కడిగితే సముద్రపు గుల్ల బతకదు. నాకు పని నేర్పినవాళ్లు అలాగే నేర్పారు. కానీ మా మంచినీళ్లన్నీ వానలో పట్టుకున్నవే. మనుషులు తాగగా మోటార్లకు మిగలవు. పనిలేనప్పుడు మోటారు కాలిని నీళ్లలోంచి పైకెత్తి ఎండబెట్టొచ్చు. అదీ చేస్తున్నాను. కానీ ప్రవాహం ఊరిని లాక్కుపోకుండా సగం మోటార్లు ఎప్పుడూ నీళ్లలో ఉండాల్సిందే.

చివరికి చింతపండు గుర్తొచ్చింది. పులుపుకు గుల్ల కరుగుతుంది. పిడికెడు పిసికి, ఆ రసంలో జాలీని నానబెట్టాను. మధ్యాహ్నానికి గుల్లలు బుస్సుమని నురగ కక్కి ఊడిపోయాయి. జాలీ పెళ్లికూతురి మెట్టెలా మెరిసింది.

చిత్త కార్తె, అష్టమి

మూడు రోజులుగా జాలీలకు పోస్తున్న చింతపండు ఎక్కడిదో అత్తకు తెలిసిపోయింది.

"నా చింతపండు మోటారుకి పోశావా?"

"కొంచెమే అత్తా."

"కొంచెమా? జాడీలోకి సూడు. అడుగు కనపడతంది. రేపు చేపల పులుసులో ఏం పొయ్యమంటావ్, నాచునూనా?"

చింతచెట్లు మెరక మీదే ఉంటాయి. సరుకుల పడవ మళ్లీ రావాలంటే పెనుగాలుల కాలం దాటాలి. అయినా ఊళ్లో మోటార్లు ఆగిపోతే పులుసు తినడానికి ఎవరూ మిగలరని నచ్చజెప్పబోయాను. పులుసు లేకపోతే బతికి ఏం చేస్తారని అత్త అడిగింది. ఇవాళ చేపలు వేపుడు. జనం కంచాల్లోకి చూసి నా వైపు చూశారు.

స్వాతి కార్తె, పాడ్యమి

చింతపండు పోరు సరంగు గారి దాకా వెళ్లింది. ఆయన ఊరికే తీర్పు చెప్పే మనిషి కాదు, పరిష్కారంతోనే వచ్చారు. రాగి. రాగి ఉన్నచోట గుల్ల అంటదు. పూర్వం ఓడల అడుక్కి రాగిరేకు కొట్టేవాళ్లట. పాత కరెంటు తీగలు విప్పి, రాగిని వలలా అల్లి, ప్రతి జాలీకీ బిగించమన్నారు.

"అమ్మాయ్, ఇక నీ కష్టాలు గట్టెక్కినట్టే," అన్నారు.

మోటారు కాలు అల్యూమినియం. ఉప్పునీళ్లలో రాగి పక్కన అది నిలుస్తుందా అని నాకు అనుమానం వచ్చింది. అడిగాను కూడా. "కొన్నాళ్లకేగా, చూద్దాంలే," అన్నారు. గుల్లలు గీకీ గీకీ నా వేళ్లు పగిలి ఉన్నాయి. నేనూ 'చూద్దాంలే' అనుకున్నాను. తాతబ్బాయీ నేనూ కలిసి అన్నిటికీ బిగించాం.

నిజం చెప్పాలంటే గుల్ల అటు పక్కకే రాలేదు. ధారలన్నీ చిన్నపిల్లల్లా పోటీపడి పోస్తున్నాయి. ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. అత్త పులుసు పెట్టింది.

స్వాతి కార్తె, ద్వాదశి

మోటారు కాళ్ల మీద తెల్లటి పిండి కనిపించింది. ముందు ఉప్పనుకుని తుడిచాను. పిండి కింద గుంటలున్నాయి. చీపురుపుల్లతో గుచ్చితే పుల్ల లోపలికి పోయింది.

గుల్ల తినాల్సిన మోటారును రాగి తినేస్తోంది. పరుగెత్తుకెళ్లి అన్ని వలలూ కోసేశాం. చాలా కాళ్లు గుంటలతో బయటపడ్డాయి. తోకతెప్ప ఎడమ మోటారు మాత్రం పోయింది. దాని గేరుపెట్టెకు చిల్లు పడి, లోపల నీళ్లు చేరి, నూనె పాలలా తెల్లబడింది.

సరంగు గారు వచ్చి ఆ చిల్లులో వేలు పెట్టి చూశారు.

"అడిగావు కదమ్మా నువ్వు," అన్నారు.

"బిగించింది కూడా నేనేనండి."

ఇద్దరం కలిసి చెడగొట్టాం కాబట్టి ఒకరినొకరు తిట్టుకునే వీలు లేకపోయింది. ఆ లోటు మా అత్త తీర్చింది.

స్వాతి కార్తె, చతుర్దశి

రాగి తీసేసిన మర్నాడే గుల్లలు తిరిగొచ్చాయి. ఒక్క మోటారుకు తప్ప. తోకతెప్ప కుడి మోటారు. దాని జాలీ శుభ్రంగా ఉంది. ఆలోచిస్తే దానికి నేను ఒకసారైనా చింతపండు పెట్టిన గుర్తు లేదు.

"దానికెందుకు పడతాది? రోజూ పొద్దున్నే నేను తిడతాను గదా," అంది అత్త. నిజమే, తిడుతుంది. దాని చప్పుడుకు ఆవిడ నిద్ర చెడుతుందట.

తిట్ల మహిమను నేను తక్కువ చెయ్యను. అయినా ఇవాళ పొయ్యి పక్కనే కూర్చుని చూశాను. అత్త అన్నం వార్చింది. గంజి తూములోంచి పొగలు కక్కుతూ జారి, సరిగ్గా పైకెత్తి పెట్టిన కుడి మోటారు కాలి మీద పడింది. కాసేపటికి పప్పు కడాయి కడిగిన వేణ్నీళ్లు. ఆ తరవాత ఇంకో వార్పు. ఊరందరికీ వంట కదా, పొద్దస్తమానం ఆ మోటారుకు వేణ్నీళ్ల స్నానమే.

తాతబ్బాయి చేత బతికున్న గుల్లలు గిన్నెడు తెప్పించాను. నిన్నా మొన్నా అంటిన పసిగుల్లల మీద వేణ్నీళ్లు పోస్తే చటుక్కున పట్టు వదిలేసి రాలిపోయాయి. ముదురు గుల్లలకు మాత్రం ఏమీ కాలేదు. అంటే గీకడానికి అందని మూలల్లో ముదిరినవాటిని చింతపండుతో ఒక్కసారి వదిలించి, ఆపైన రోజూ వేణ్నీళ్లు పట్టిస్తే కొత్తవి కుదురుకోలేవు.

చింతపండు అడగడానికి అత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా వేళ్లు చూసింది. లోపలికి వెళ్లి జాడీతో సహా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇదే ఆకరు. ఊళ్లో ఎవుడైనా పులుసడిగితే నీ కాడికే తోలతాను."

విశాఖ కార్తె, తదియ

ఇన్ని మోటార్లకు వేణ్నీళ్లు ఎక్కడ కాస్తామని సరంగు గారు అడిగారు. కాచక్కర్లేదు. నడిచే మోటారు వదిలే నీళ్లు వేడివే కదా. ఆ బెజ్జానికి గొట్టం తగిలించి, పక్కన ఆగి ఉన్న మోటారు జాలీలోకి ఎక్కించాం. తరవాత అది నడిచేటప్పుడు దీనికి పోస్తుంది. మరీ మరిగే నీళ్లైతే లోపల నీళ్లు తోడే రబ్బరు రెక్క వంకరపోతుంది. చెయ్యి పెట్టి వెంటనే తీసేయాలనిపించేంత వేడి చాలు.

సరంగు గారు వంగి, గొట్టాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు.

"అంటే... ఒక మోటారు ఉచ్చతో ఇంకో మోటారుకు..."

"చల్లబరిచే నీటి ధారండి," అన్నాను.

ఆయన నవ్వాపుకోలేక అటు తిరిగారు. జాలీలు శుభ్రంగా ఉన్నాయి. ఊరు పులుసు లేకుండా, ధారలతో నడుస్తోంది.

విశాఖ కార్తె, పంచమి, మధ్యాహ్నం

గాలివాణి చెప్పింది. ఆ యంత్రానికి ఒకే గొంతు, పెళ్లికైనా పెనుగాలికైనా. "ఎల్లుండి సాయంత్రం తీరానికి పెనుగాలి. తేలే ఊళ్లన్నీ లోపలికి వెళ్లవలెను." అంతే చెప్పి పాట పెట్టింది.

లోపలికి అంటే మొగ దాటి, మడ అడవి మధ్యనున్న పాయలోకి. మొగకు రెండు వైపులా గోడగుల్లల గోడలే. మధ్య దారి ఇరుకు. సముద్రం పోటు మీదున్నప్పుడే దూరాలి. పోటు తిరిగిందంటే నది బయటికి తోసేస్తుంది.

సమస్య మా తోకతెప్ప. దానికి ఒక్క కుడి మోటారే ఉంది, అందుకని ఎడమకు లాగేస్తుంది. తోక ఊగితే ఊరంతా గోడకు కొట్టుకుంటుంది.

విశాఖ కార్తె, సప్తమి, సాయంత్రం, మడపాయ లోపల

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున పోటు మొదలైంది. తలతెప్ప మొగలోకి దూరింది. మేం తోకలో ఉన్నాం. అనుకున్నట్టే ఎడమకు ఊగాం. తెప్పల మధ్య తాళ్లు కీచుమన్నాయి. మా ముందు తెప్ప మీద బాలింతలూ ముసలివాళ్లూ ఉన్నారు. దాని అంచు గోడను గీసుకుంది, ఎవరో కేక పెట్టారు.

తలతెప్ప మీంచి కేకలేసే గొట్టంలోంచి సరంగు గారి గొంతు వినిపించింది. "తోకతెప్ప జనం ముందుకు దూకండి. తాడు కోసేస్తున్నాం."

వంటవాళ్లందరూ దూకారు. అత్త పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఎసరు పొయ్యి మీద ఉంది.

"అత్తా, రా! గబగబా రా!"

"ఊరికి ఇదొక్కటే పొయ్యి. దీన్నొదిలేసి ఒడ్డెక్కి ఏం తింటారే? పచ్చిచేపలా? నువ్వెల్లు. నేనెల్లను."

నేను ఆవిడను లాగాను. ఆవిడ గరిటె ఎత్తింది. ఇంతలో తాతబ్బాయి ముందు తెప్ప మీంచి, "లోవా! దూకు!" అని అరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను ఏడుస్తూ కత్తి వేశాడు. తాడు తెగింది. మా ముందు ఊరు నిటారుగా సర్దుకుని చకచకా మొగలోకి వెళ్లిపోయింది. ఆ క్షణాన సరంగు గారు చేసింది సబబే అని నాకు తెలుసు. అయినా మా ఊరు మమ్మల్ని వదిలేసి వెళ్తుంటే చూడటం అదే మొదటిసారి.

ముందు రోజే రావాల్సిన ఆలోచన అప్పుడొచ్చింది, మాకున్న ఒక్క మోటారును కుడి నుంచి విప్పి మధ్యకు తెచ్చి బిగించాను. అత్త ఒక పక్క పట్టుకుంది. పట్టుకున్నంతసేపూ దాన్ని తిట్టింది. మోటారు అందుకుంది, ధార వచ్చింది, తెప్ప తిన్నగా కదిలింది. గాలి అప్పటికే వాయువ్యం నుంచి ఎదురు తోస్తోంది. పోటు ఇంకా మా పక్షానే ఉంది.

మొగ మధ్యకు వచ్చాక ధార సన్నబడింది. చూస్తుండగానే బొట్లు బొట్లుగా మారి ఆగింది.

రెండు వైపులా గోడలు గుడ్లు వదిలే రోజులు కాబోలు. నీళ్లు పసిగుల్లలతో జావలా చిక్కగా ఉన్నాయి. మోటారు పీల్చినవన్నీ జాలీకి అంటుకున్నాయి. కూత మొదలైంది. ఆపేశాను. ఆపగానే తెప్ప అడ్డం తిరిగి గోడ వైపు జారసాగింది. ఆ గోడ అంచులు రంపంలా ఉంటాయి. మా తెప్ప అడుగు ప్లాస్టిక్ పీపాలు.

"వేణ్నీళ్లు!" అన్నాను.

అత్త అప్పటికే ఎసరు గిన్నె దింపేసింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని పట్టుకొచ్చింది. మోటారు కాలిని పైకెత్తాను. జాలీ కనపడలేదు, దాని మీద తెల్లటి పాకుడులాంటి పొర.

"మరీ మరిగిపోతంది. సన్నీళ్లు కలపమంటావా?"

"ఒక చెంబుడు!"

గోడ దగ్గరైంది. అత్త తొందరపడలేదు. చెంబు పోసి, వేలు ముంచి, "ఇంకొంచెం" అని మరికాస్త పోసింది. పసిపిల్ల స్నానానికి నీళ్లు తొలిపినంత నిదానం. నాకు ప్రాణం పోతోంది. అప్పుడు పోసింది. పొర జాలీ మీంచి జారి ముద్దగా నీళ్లలో పడింది. మిగిలినదాన్ని అట్లకాడతో గీకాను. మళ్లీ ఇంకో గిన్నె. కాలు దింపి మోటారు తాడు లాగాను. అందుకోలేదు. మళ్లీ లాగాను. గోడ ఎంత దగ్గరగా వచ్చిందంటే, గుల్లలు నోళ్లు తెరిచి మూసుకోవడం కనిపించింది.

మూడోసారి అందుకుంది. బెజ్జం దగ్గర ముందు బుడగ, ఆ తరవాత తుప్పర, ఆ తరవాత నిండు ధార.

"పోసిందే! పోసిందే!" అని అత్త చెంబు పట్టుకుని గెంతింది. ఆ వయసులో అంత ఎత్తు గెంతగలదని నేను అనుకోలేదు.

ఆ మొగలో మరో మూడుసార్లు ఆగాం. ప్రతిసారీ పొయ్యి మీద గిన్నె సిద్ధంగా ఉంది. ఆవిడ దూకి ఉంటే నాకు మోటారు మాత్రమే ఉండేది, వేణ్నీళ్లు ఉండేవి కావు.

పాయలోకి దూరేసరికి మడచెట్ల మధ్య ఊరు కనిపించింది. చెట్లకు తాళ్లు వేసి అందరూ అంచుల మీదే నిలబడి ఉన్నారు. పొద్దున్నుంచి అటుకులు తప్ప ఏమీ తినలేదని తరవాత తెలిసింది. మమ్మల్ని చూడగానే పెద్ద కేక లేచింది. తాతబ్బాయి నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వచ్చి మా తెప్ప పట్టుకుని పైకెక్కకుండా అలాగే వేలాడుతూ ఏడ్చాడు.

చివరి తెప్ప అంచున సరంగు గారు స్వయంగా నిలబడి చేతులు చాపారు.

"మాచరమ్మక్కా! తాడెయ్యి!"

అత్త తాడు చుట్ట చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడింది. గాలి ఆవిడ చీరను జెండాలా కొడుతోంది.

"ఏ తాడు దానియేలూ? పొద్దున నరికించిందా, కొత్తదా?"

ఆయన మొహం నల్లబడింది.

"నరక్కపోతే ఆ తెప్ప మీద బాలింతలున్నారక్కా..."

"నరికినందుకు నేనేం అనట్లేదురా. నీ సోట్లో ఉంటే నేనూ నరుకుదును. అంత పెద్ద మాట గొట్టంలో సెబుతావా? ఊరికి వండిపెట్టే మనిషిని. ఎదురుగా వొచ్చి, 'అక్కా, తప్పట్లేదు' అని మొహం మీద సెప్పలేకపోయావా?"

గాలివాన రాబోతోంది, ఊరంతా చూస్తోంది, ఆయన సరంగు. అయినా చేతులు దించి జోడించారు.

"భయమేసిందక్కా. నీ మొహం చూస్తే నరకలేకపోదును."

అత్త కళ్లు తుడుచుకుంది. కొంగుతోనే ముక్కు కూడా తుడుచుకుంది.

"కాసుకో," అని, తాడును బలంగా విసిరింది. అది సూటిగా వెళ్లి ఆయన మొహానికి తగిలి, చేతుల్లో పడింది. గాలికి గురి తప్పిందని అత్త అందరికీ చెబుతోంది. గాలి అటు వైపు వీయలేదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఆయన ఆ తాడును స్వయంగా గుంజకు కట్టారు.